కర్త మాట, ప్రేక్షకుని ఊహ

1982 జూన్ 25వ తేదీన అమెరికాలో ‘బ్లేడ్ రన్నర్’ అనే చలనచిత్రం విడుదల అయింది. దర్శకుడు రిడ్లీ స్కాట్. ఫిలిప్ కె. డిక్ 1968లో ప్రకటించిన వైజ్ఞానిక నవల దీనికి మూలం. నవలాకర్త ఆ సంవత్సరమే మార్చి 2న మరణించడంవల్ల పూర్తయిన చిత్రాన్ని చూడలేకపోయారు. తొలినాళ్ళలో దీనికి లభించిన ఆదరణ స్వల్పం. విమర్శకులలో పలువురు దృశ్యవైభవాన్ని మెచ్చుకొని, కథనాన్ని తప్పుపట్టారు. అటువంటి చిత్రాన్ని గురించి నలభై సంవత్సరాలు దాటినా ఒక వివాదం సమసిపోలేదు. కథానాయకుడు మనిషా, లేక మనిషిని పోలిన కృత్రిమ సృష్టియా? పైకి ఇది వినోదప్రియుల కాలక్షేపంగా కనిపించవచ్చు. కాని రచనావ్యాసంగం గలవారు నిదానించి చూడవలసిన విషయం ఇందులో ఉన్నది.

కథ 2019 నవంబరులో, ఊహాకల్పితమైన లాస్ ఏంజిలిస్ నగరంలో జరుగుతుంది. అన్యగ్రహాలలో చాకిరీకోసం మానవులు ‘రెప్లికాంట్’లనే కృత్రిమ మానవులను తయారుచేసుకున్నారు. వారు రూపంలో మనుషులే. బలంలో మనుషులను మించినవారు. ఆయుర్దాయం మాత్రం నాలుగేళ్ళు. భూమిమీద అడుగుపెడితే వారికి మరణమే శిక్ష. అయినా కొందరు తిరుగుబాటు చేసి, తమను సృష్టించినవానిని మరికొంత ఆయుష్షు అడగడానికి భూమికి వస్తారు. వారిని వేటాడే పని డెకార్డ్ అనే ఉద్యోగిది. రెప్లికాంటును గుర్తించడానికి ఒక పరీక్ష ఉన్నది. మనసు కదిలించే ప్రశ్నలు వేసి కంటిపాపను గమనిస్తారు. ఆ లోకంలో మనిషికి గుర్తు రక్తమాంసాలు కావు, సానుభూతి. రేచల్ అనే యువతికి తాను రెప్లికాంటునని తెలియదు. ఆమె తన బాల్యమని నమ్మినవి మరొకరి జ్ఞాపకాలు.

ప్రేక్షకుల కన్నీటికి కారణమైనవాడు మాత్రం కథానాయకుడు కాడు. అతని శత్రువు రాయ్ బాటీ. చివరి ఘట్టంలో, వర్షంలో, మేడ అంచునుండి జారిపోతున్న వేటగానిని రాయ్ పైకి లాగి కాపాడతాడు. తన కన్నులు చూచిన వింతలను నాలుగు మాటలలో తలచుకొని, అవి తనతోనే అంతరిస్తాయని చెప్పి ప్రాణం విడుస్తాడు. ఆ సంభాషణను నటుడు రట్గర్ హౌవర్ స్వయంగా కుదించి, ముగింపును తానే కూర్చాడు. హౌవర్ 2019 జూలైలో మరణించినప్పుడు, కథలో రాయ్ మరణించిన సంవత్సరమే నటునికి కూడా చివరిదైనదని అభిమానులు బాధతో చెప్పుకున్నారు. అది కాకతాళీయమే. అయినా ఒక కల్పిత పాత్ర మనుషుల మనసులలో ఎంత చోటు చేసుకున్నదో దానివల్ల తెలుస్తుంది.

ఇక కథానాయకుని గురించిన సందేహం మూడు మార్గాలలో పుట్టింది.

మొదటిది దర్శకుని సంకల్పం. గాఫ్ అనే పోలీసు ఉద్యోగి కాగితంతో బొమ్మలు మడుస్తుంటాడు. చివరకు డెకార్డ్ ఇంటి వాకిట అతడు వదిలివెళ్ళిన ఒంటికొమ్ము గుర్రం బొమ్మ కనిపిస్తుంది. 1982నాటి ప్రతిలో దానికి తోచే అర్థం ఒకటే: గాఫ్ అక్కడికి వచ్చి, రేచల్‌ను చంపకుండా విడిచివెళ్ళాడు. 1992లో వెలువడిన ప్రతిలో డెకార్డ్ ఒంటికొమ్ము గుర్రాన్ని స్వప్నంలో చూచే దృశ్యం చేరింది. దానితో అదే బొమ్మకు అర్థం మారిపోయింది. ఒకని ఆంతరంగిక స్వప్నం మరొకనికి ఎట్లా తెలిసింది? రేచల్ జ్ఞాపకాలవలె ఆ స్వప్నం కూడా ఎవరో అమర్చినదేనా?

రెండవది కేవలం పొరపాటు. ఆరుగురు రెప్లికాంట్లు తప్పించుకున్నారని, వారిలో ఒకరు చనిపోయారని పోలీసు అధికారి చెబుతాడు. మిగలవలసినవారు ఐదుగురు, తెరమీద కనిపించేవారు నలుగురే. ఐదవవాడు గతం మరచిన డెకార్డే అని కొందరు అభిమానులు నిర్ణయించారు. యథార్థమేమంటే, రచనలో ఉన్న ఒక స్త్రీపాత్రను చిత్రీకరణ సమయంలో తొలగించారు. సంభాషణలోని లెక్కను సరిచేయలేదు. 2007నాటి తుది ప్రతిలో చనిపోయినవారు ఇద్దరని దిద్దారు.

మూడవది చిత్రానికి వెలుపలి మాట. డెకార్డ్ రెప్లికాంటేనని స్కాట్ 2000లో బహిరంగంగా చెప్పారు. ప్రేక్షకుడు తన మనసును ముడివేసుకోవడానికి తెరమీద ఒక మనిషి ఉండాలని నటుడు హారిసన్ ఫోర్డ్ చాలాకాలం వాదించారు. రచయితలలో ఒకరైన హాంప్టన్ ఫాంచర్ ప్రశ్న ప్రశ్నగానే ఉండడం మేలని అభిప్రాయపడ్డారు.

ఒక విశేషం గమనించాలి. లెక్క దిద్దిన తరువాత వివాదం ఆగలేదు. దర్శకుడు తీర్పు చెప్పిన తరువాత కూడ ఆగలేదు. సాక్ష్యాలవల్ల పుట్టిన వివాదమే అయితే సాక్ష్యాలతోనే తీరి ఉండవలసింది. కనుక దాని మూలం మరొకచోట ఉన్నది. రాయ్ మరణానికి కంటతడి పెట్టిన ప్రేక్షకునికి మనిషికీ కృత్రిమ మానవునికీ మధ్య గల గీత అప్పటికే చెరిగిపోయింది. ఆ కలతకు తర్వాత వచ్చిన రూపమే ఈ ప్రశ్న. డెకార్డ్ మనిషి అయితే, కరుణ మరచిన మనిషికి ఒక కృత్రిమజీవి దానిని తిరిగి నేర్పిన కథ ఇది. రెప్లికాంటు అయితే, తనవారినే చంపడానికి నియమింపబడిన బానిస తన బానిసత్వాన్ని తెలుసుకునే కథ. రెండు పక్షాలవారూ కాపాడుకుంటున్నది తమ వాదాన్ని కాదు, తాము పొందిన అనుభవాన్ని.

సందేహాన్ని తొలగించే యత్నం ఈ చిత్రం విషయంలో ఆదిలోనే జరిగింది. డెన్వర్, డాలస్ నగరాలలో ముందుగా ప్రదర్శించినప్పుడు కథ అర్థం కాలేదని ప్రేక్షకులు చెప్పగా, నిర్మాతలు నాయకుని గొంతుతో నేపథ్య వ్యాఖ్యానాన్ని, శుభాంతాన్ని చేర్చారు. ఆ శుభాంతంలోని కొండల దృశ్యాలు స్టాన్లీ కుబ్రిక్ ‘ది షైనింగ్’ కోసం తీయించి వాడక మిగిల్చినవి. 1990లో లాస్ ఏంజిలిస్‌లో వ్యాఖ్యానం దాదాపు లేని పాత ప్రతి ప్రదర్శింపబడగా ప్రేక్షకులు దానినే ఎక్కువగా ఆదరించారు. 1992 ప్రతికి అదే దారి తీసింది. అర్థం కాలేదన్నవారికోసం చేర్చిన వివరణ, ఆ చిత్రాన్ని ప్రేమించినవారికి అడ్డయింది.

మన ఆలంకారికులకు ఈ సమస్య కొత్తది కాదు. తొమ్మిదవ శతాబ్దిలో ఆనందవర్ధనుడు వాచ్యార్థంకంటె వ్యంగ్యార్థానికి కావ్యంలో ప్రాధాన్యమిచ్చాడు. దానిని అందుకునే సహృదయుని స్వరూపాన్ని అభినవగుప్తుడు విశదం చేశాడు. అయితే వ్యంగ్యం ప్రకరణాన్ని ఆశ్రయించి స్ఫురించాలి. ఎవరికి తోచినదల్లా ధ్వని కాదు. స్వప్నమూ కాగితపు బొమ్మా ఒకదానినొకటి పలికిస్తాయి. కథ అంతటా వ్యాపించిన జ్ఞాపకాల ప్రసక్తితో కలుస్తాయి. అది ధ్వని. తప్పిన లెక్క దేనినీ పలికించదు, అది దోషం. దోషంమీద కట్టిన ఊహ ఎంత చమత్కారంగా ఉన్నా, దోషం తొలగగానే కూలిపోతుంది. ఇక కర్త తరువాత చెప్పిన మాట కావ్యానికి వెలుపలి వాచ్యం. కృతిలో స్ఫురించనిదానిని అది కృతిలోనికి తేలేదు; స్ఫురించినదానిని తుడిచివేయలేదు. ఆ మాటకు విలువ లేదని దీని అర్థం కాదు. ఆ విలువ కృతిజ్ఞుడైన మరొక పాఠకుని మాటకు ఉండే విలువ.

రచయితకు ఇందులో హెచ్చరిక రెండు వైపులా ఉన్నది. పాఠకుడు పొరబడతాడేమోనన్న భయంతో ప్రతి రహస్యాన్నీ విప్పి చెప్పేవాడు అతని పాలు అతనికి దక్కనివ్వడు. అస్పష్టతయే గాఢత అనుకునేవాడు లెక్క తప్పి, దానిని ధ్వని అంటాడు. పాఠకుడు వేసిన ప్రశ్న కృతిలోని మనుషులకు కూడా బాధాకరమైన ప్రశ్న అయినప్పుడే, దానిని తీర్చకుండా విడిచే అధికారం రచయితకు కలుగుతుంది.

2017లో డెనీ విల్‌నెవ్ దర్శకత్వంలో ‘బ్లేడ్ రన్నర్ 2049’ వచ్చింది. అందులో డెకార్డ్ వృద్ధుడై, నిర్జన ప్రదేశంలో ఒక కుక్కతో కాలం గడుపుతుంటాడు. అతడెవరో ఆ చిత్రం కూడా తేల్చదు. ఆ కుక్క నిజమైనదేనా అని వచ్చినవాడు అడిగితే, తనకు తెలియదని, దానినే అడగమని డెకార్డ్ అంటాడు. అన్నాళ్ళు దానితో కలిసి బ్రతికినవానికి ఆ సమాధానంతో పనిలేకపోయింది.