తుడిచినను పోని నకలు

లినక్స్ కంప్యూటరులోని ఫైళ్లకు నకలు వేరొక యంత్రములో దాచితిమనుకొందము. మొదటి యంత్రములో చొరబడినవాడు ఆ దారినే పోయి నకలును కూడ చెరిపివేయడా? 2015లో ఆరంభమైన బోర్గ్ అను ఉచిత ప్రోగ్రాము, దాని ఒకటవ శ్రేణిలో, ఈ చిక్కును తేలిక చేసినది. అది ఫైళ్లను పంపకముందే గూఢలిపిలోనికి మార్చగలదు. నిల్వ యంత్రమున ఎస్‌ఎస్‌హెచ్ తాళపుచెవుల పట్టికలో ఒక్క పంక్తి వ్రాసి, ఆ చెవితో వచ్చువారు చేర్చుట తప్ప తుడుచుటకు వీలులేకుండ చేయవచ్చును. కొత్తవారు మరచునది ఈ పంక్తినే!

చిట్టాలో పద్దు కొట్టివేసినను అడుగు అక్షరములు కనబడును గదా. అట్లే తొలగింపు ఆజ్ఞ నమోదగునేగాని పాత భాగములు డిస్కుపై నిలిచియుండును. ఐతే కట్టడి సడలించి స్థలము ఖాళీ చేయుటకు ముందు, ఆ కొట్టివేతలు మనవేనా యని చూచుకొనవలెను. గూఢలిపి సంకేతపదమును వేరుచోట భద్రపరుపుడు. అది పోయినచో యజమానికిని నకలు తెరువబడదు.