మీకు తెలుసా? లినక్స్‌లో కొన్ని అప్లికేషన్లు తెరుచుకోవడానికి ఎందుకు ఆలస్యమవుతుంది?

పాత హార్డ్‌డిస్క్ ఉన్న కంప్యూటర్‌లో లినక్స్ వేసి లిబ్రేఆఫీస్ వంటి పెద్ద అప్లికేషన్‌ను నొక్కితే అది మొదటిసారి నిదానంగానూ, మూసి మళ్ళీ తెరిస్తే చప్పునా తెరుచుకుంటుంది. పలు ప్రోగ్రాములు ఉమ్మడిగా వాడుకునే కోడ్ ఫైళ్ళు, అంటే లైబ్రరీలు, డిస్క్‌లో వేర్వేరు చోట్ల ఉండడం, నిమిషానికి 5,400 సార్లు తిరిగే డిస్క్‌కు ఒక్క చుట్టుకే సుమారు 11 మిల్లీసెకన్లు పట్టడం మొదటి జాప్యానికి కారణాలు కాగా, ఒకసారి చదివిన ఫైళ్ళను లినక్స్ మూలభాగమైన కెర్నెల్ ఖాళీ ర్యామ్‌లో అట్టిపెట్టుకోవడం రెండవసారి వేగానికి కారణం. ఈ ఏర్పాటునే పేజ్ క్యాష్ అంటారు.

పోతన, లోహిత్ తెలుగు వంటి ఫాంట్లను కొత్తగా చేర్చినప్పుడు, ఏ ఫాంట్‌లో ఏ లిపి ఉందో చెప్పే పట్టికను ఫాంట్‌కాన్ఫిగ్ అనే వ్యవస్థ సవరించుకోవలసి వస్తుంది కనుక, ఆ వెంటనే తెరిచే అప్లికేషన్ మరికొంత ఆలస్యం కావచ్చు. ‘ఎఫ్‌సి-క్యాష్’ ఆదేశాన్ని ముందే నడిపితే ఆ పని అప్పుడే ముగుస్తుంది.

2022 ఏప్రిల్‌లో విడుదలైన ఉబుంటు 22.04 అనే లినక్స్ పంపిణీలో ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌ను స్నాప్ రూపంలో, అనగా అప్లికేషన్‌నూ దానికి కావలసిన లైబ్రరీలనూ కలిపి కుదించిన ఒకే ప్యాకేజీగా అందించగా, ఆ కుదింపును విప్పుకోవడంతో పాటు తెలుగు సహా పదుల కొద్దీ భాషల ప్యాక్‌లను ప్రారంభంలోనే సిద్ధం చేసుకోవడం కూడా దానిని నెమ్మదింపజేసింది. తరువాత, వాడుకరికి అవసరమైన భాషను మాత్రమే తీసుకునేలా ఆ పద్ధతిని మార్చారు.