గోడలకు డార్క్ గ్రే పెయింట్ వేయిస్తున్నారా..? ముందు ఈ ఒక్క నంబర్ చూసుకోండి!

తెలుపు, క్రీమ్ రంగు గోడలు చూసి చూసి విసుగొచ్చిన వాళ్లు ఇప్పుడు డార్క్ గ్రే వేయించుకుంటున్నారు. ఫోన్‌లో కనిపించే ఫొటోల్లో ఆ రంగు చాలా రిచ్‌గా ఉంటుంది. కానీ అదే రంగు వెలుతురు తక్కువగా ఉండే ఫ్లాట్‌లో వేస్తే పట్టపగలే లైట్లు వేసుకోవాల్సి వస్తుంది. ఎందుకిలా..?

అసలు కారణం ఇదే..

గోడ మీద పడిన వెలుతురులో కొంత తిరిగి గదిలోకి వస్తుంది. మిగతాది రంగు పీల్చేసుకుంటుంది. తిరిగొచ్చే వెలుతురును 0 నుంచి 100 వరకు కొలుస్తారు. దీన్నే లైట్ రిఫ్లెక్టెన్స్ వాల్యూ, షార్ట్‌గా ఎల్‌ఆర్‌వీ అంటారు. మంచి తెలుపుకు ఇది 80 పైనే ఉంటుంది. డార్క్ గ్రేకు సాధారణంగా 20 కూడా దాటదు. చాలా కంపెనీలు షేడ్ వివరాల్లో ఈ నంబర్ ఇస్తాయి. లేదంటే షాపులో అడగొచ్చు.

ఏ గోడకు వేయాలి?

నాలుగు గోడలకూ కాకుండా ఒక్కదానికే వేస్తే మంచిది. కిటికీకి ఎదురుగా ఉన్న గోడ వద్దు. బయటి వెలుతురును గదంతా పంచేది అదే. కిటికీ ఉన్న గోడకు వేసినా ఇబ్బందే.. ముదురు రంగు మధ్యలో కిటికీ వెలుగు కళ్లలో పొడిచినట్టు ఉంటుంది. పక్క గోడ అయితే బెటర్. సీలింగ్ మాత్రం తెల్లగానే ఉంచాలి.

లైట్ మారితే రంగు కూడా మారుతుంది!

గ్రే షేడ్స్‌లో నీలం, ఆకుపచ్చ, గోధుమ ఛాయలు కలిసి ఉంటాయి. 6500 కెల్విన్ తెల్లటి ట్యూబ్‌లైట్ కింద గ్రే నీలంగా కనిపించొచ్చు. 3000 కెల్విన్ వార్మ్ వైట్ బల్బు కింద కాస్త గోధుమ రంగులోకి తిరుగుతుంది. అందుకే చిన్న డబ్బా కొని, గోడ మీద 2 అడుగుల మేర వేసి పొద్దున, మధ్యాహ్నం, రాత్రి చూడాలి.

చెమ్మ ఉంటే ఆగండి..

బాత్రూమ్‌ను ఆనుకున్న గోడల్లో చెమ్మతో పాటు ఉప్పు తెల్లటి పొడిలా పైకొస్తుంది. తెల్ల గోడ మీద అది అంతగా తెలియదు. గ్రే మీద మాత్రం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ముందు లీకేజీ ఆపి, గోడ పూర్తిగా ఆరాకే లప్పం పెట్టించాలి. మ్యాట్ ఫినిష్ ఎగుడుదిగుళ్లను దాస్తుంది కానీ చేతి మరకలు తుడిస్తే గుర్తులు మిగులుతాయి. పిల్లలున్న ఇంట్లో ఇది గుర్తుపెట్టుకోవాలి.

అద్దె ఇల్లయితే..?

ఓనర్‌ను అడక్కుండా వేయొద్దు. ఖాళీ చేసేటప్పుడు మళ్లీ తెల్లగా మార్చాలంటే మామూలుగా వేసే 2 కోట్లు చాలకపోవచ్చు. ముందు ప్రైమర్ కొట్టి, పైన అదనపు కోటు వేయాల్సి వస్తుంది. ఆ ఖర్చు అడ్వాన్స్‌లోంచి కట్ అయ్యే ఛాన్స్ ఉంది. ఒక్క గోడతో సరిపెట్టుకుంటే ఆ భారం కూడా తగ్గుతుంది.