తుత్తములు: పేరు, అర్థము, వాడుక

అంగడిలో “తుత్తము” అని యడిగిన దొరకు వస్తువు ఒక్కటి కాదు. నీలిది మైలుతుత్తము. తెల్లది పాలతుత్తము. వీనికి తోబుట్టువైన పచ్చనిది అన్నభేది. మూడును గంధకామ్లముతో కూడిన లోహలవణములే. మూడును పలుకులుగా నుండి నీట కరగును. కాని మొదటిదానిలో రాగియు, రెండవదానిలో తుత్తునాగమును, అనగా జింకును, మూడవదానిలో ఇనుమును ఉన్నవి. ఒకదాని పనిని మరియొకటి చేయజాలదు. వరికి జింకు కావలసిన చోట రాగిని చల్లిన పట్టాదారు సొమ్మును పోగొట్టుకొనుటయే గాక, పైరు కోలుకొనవలసిన దినములను గూడ పోగొట్టుకొనును. అందుచేత పేరును సరిగా తెలిసికొని యడుగుట మొదటి పని.

తుత్తమను మాట సంస్కృతమునందలి తుత్థ శబ్దమునుండి వచ్చినది. మైలుతుత్తమనగా మైల పడిన తుత్తమని కొంద రనుకొందురు, అది సరికాదు. తమిళమున మయిల్ అనగా నెమలి. సంస్కృత వైద్యగ్రంథములలో దీనినే మయూరతుత్థమనియు, నెమలి మెడ వంటిదను నర్థమున శిఖిగ్రీవమనియు వ్రాసిరి. ఈ పేరే సరకునకు తొలి పరీక్ష. నెమలి మెడ నీలిమ గాక పసిరిక రంగు కనబడినచో అన్నభేది కలిసినదేమో యని యనుమానింపవలెను. అన్నభేది మిక్కిలి చౌక గనుక కల్తీదారున కది సులభమైన సాధనము. అయితే పలుకుల పైని తెల్లని పొడి యున్నంత మాత్రమున కల్తీ యని తలపరాదు. ఈ లవణములో నీరు ఇమిడి యున్నది. ఎండకు ఆ నీరు పోయిన భాగము తెల్లబడును, తడి తగిలిన మరల నీలమగును.

సందేహమున్నచో చిటికెడు సరకును గాజు గిన్నెలో నీట కరగించి, తోమిన ఇనుప మేకును అందుంచవలెను. రాగి యున్నచో కొలది నిమిషములలో మేకునకు ఎఱ్ఱని పూత పట్టును. పాలతుత్తమునకును అన్నభేదికిని ఆ పూత పట్టదు. కల్తీ సరకునందును కొంత రాగి యుండును గనుక మేకు పరీక్ష యొక్కటే చాలదు. అమోనియా నీళ్లను కొంచెము హెచ్చుగా కలిపి చూడవలెను. స్వచ్ఛమైన మైలుతుత్తము నిర్మలమైన ముదురు నీలము నిచ్చును. అన్నభేది కలిసినచో త్రుప్పు వంటి మడ్డి అడుగున దిగును.

మైలుతుత్తము తెగుళ్లను కలిగించు బూజులను అణచును. ఫ్రాన్సు దేశమున బోర్డో ప్రాంతపు ద్రాక్షతోటలవారు బాటసారులు పండ్లు కోయకుండుటకై బాట ప్రక్క తీగలపై మైలుతుత్తమును సున్నమును కలిపి చిలుకరించెడివారు. ఆ తీగలకు బూజు తెగులు సోకకుండుటను 1882లో మిలార్డే యను శాస్త్రజ్ఞుడు గమనించి, పరీక్షించి, 1885లో ప్రకటించెను. దొంగల భయమున పుట్టిన ఆ మందే నేటి బోర్డో మిశ్రమము. ఒక కిలో మైలుతుత్తమును 50 లీటర్ల నీటను, ఒక కిలో మంచి రాతి సున్నమును వేరుగా 50 లీటర్ల నీటను కలిపి, తుత్తపు నీటిని సున్నపు నీటిలో కలియబెట్టుచు పోయవలెను. ఇనుప పాత్ర పనికిరాదు. తుత్తము దానిని తినివేయును. మట్టి, కొయ్య, ప్లాస్టిక్కు పాత్రలు మేలు. కలిపిన పిమ్మట మెరయు కత్తిని ముంచి చూచినపుడు ఎఱ్ఱబడినచో సున్నము చాలలేదని యర్థము. అట్టి మందు ఆకులను మాడ్చును. ఎఱ్ఱదనము మానువరకు సున్నపు నీరు చేర్చవలెను. కలిపిన దినముననే వాడవలెను. మరునాటికి దాని సత్తువ తగ్గును.

పాలతుత్తము మందు కాదు, పైరునకు ఆహారము. వరిలో పై నుండి మూడవ, నాల్గవ ఆకుల మధ్య ఈనె ప్రక్కలు పాలిపోయి, త్రుప్పు మచ్చలు పడి, దుబ్బు ఎదుగక నిలిచిపోవుట జింకు లోపమునకు గురుతు. ఇది తెగులు కాదనియు, జింకు లోపమే యనియు 1966లో పంతనగరమున నేనే యను శాస్త్రజ్ఞుడు వెల్లడించెను. దమ్ములో ఎకరమునకు 20 కిలోలు వేయుట వాడుక. నిలిచిన పైరున కనబడినచో లీటరు నీటికి 2 గ్రాములు కలిపి, అయిదు దినముల ఎడముతో రెండు మూడు మారులు చల్లవలెను. భాస్వరపు ఎరువుతో కలిపి వేయరాదు. రెండును గడ్డకట్టి పైరునకు అందకపోవును. ఈ గుణమే కల్తీని పట్టించును. పాలతుత్తములో మెగ్నీషియము లవణమును కలిపి యమ్ముట కలదు. డి.ఎ.పి. తేట నీటిలో అసలు పాలతుత్తపు నీటిని పోసిన వెంటనే చిక్కని తెల్లని గడ్డ విరియును. మెగ్నీషియమునకు అట్లు విరియదు.

అన్నభేది పూర్వము కరక్కాయతో చేర్చి సిరా కాచుటకు ఉపయోగపడినది. సేద్యమున దీని పని ఇనుప లోపమును తీర్చుట. సున్నపు పాలు హెచ్చైన నేలలలో వేరుసెనగ లేతాకులు మొదట పసుపెక్కి, పిదప తెల్లబడును. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేదిని, 1 గ్రాము నిమ్మ ఉప్పును కలిపి చల్లవలెను. నిమ్మ ఉప్పు లేనిచో ఇనుము నీటిలోనే త్రుప్పుగా మారి ఆకునకు పనికిరాకపోవును. పచ్చదనము పోయి గోధుమవన్నె పొడిగా మారిన అన్నభేదిని కొనకుండుట మంచిది.

మైలుతుత్తము విషము. పిల్లలకును పశువులకును అందని చోట, పేరు వ్రాసిన డబ్బాలో ఉంచవలెను. మందు కలిపిన పాత్రలను చెరువులోను కుంటలోను కడుగరాదు. కొద్దిపాటి రాగికే చేపలు చచ్చును. నేలలో చేరిన రాగి వానలకు కొట్టుకొనిపోక, ఏటేట పేరుకొనుచుండును గనుక, తెగులు లేని తోటపై దీనిని ఊరక చల్లరాదు.