నూజివీడు మామిడి: ఇంటి ముంగిట పరిశ్రమ - ఔత్సాహికులు తెలుసుకోదగిన విషయాలు

నూజివీడు పేరు వినగానే చిన్నరసాలు, బంగినపల్లి పండ్లు తెలుగువారికి గుర్తుకు రావడం సహజం. దీర్ఘకాలం కృష్ణా జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్వ్యవస్థీకరణలో ఏలూరు జిల్లాలో చేరిన ఈ ప్రాంతంలో ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి మండలాలకు, ఇరుగుపొరుగున గల రెడ్డిగూడెం, విస్సన్నపేట, మైలవరం గ్రామాలకు మామిడి తోటలే ప్రధాన జీవనాధారం. నూజివీడులో మామిడి పరిశోధన స్థానం పనిచేస్తున్నది. పెద్దరసాలు, చెరకురసాలు, కొత్తపల్లి కొబ్బరి, సువర్ణరేఖ, తోతాపురి మొదలైన రకాలు ఈ తోటలలో కనిపిస్తాయి. తోతాపురిని ఇక్కడివారు కలెక్టరు కాయ అని వ్యవహరిస్తారు.

ఇంత ప్రసిద్ధి గల పంట అయినప్పటికీ దాని ధర రైతు చేతిలో లేదు. కాయ కోతకు వచ్చేది కొద్ది వారాలు. అందరి కాయ ఒకేసారి విజయవాడ సమీపంలోని నున్న మార్కెట్‌కు చేరినప్పుడు ధర పడిపోవడం ఏటా ఎదురయ్యే అనుభవమే. 2025 వేసవిలో చిత్తూరు ప్రాంతంలో తోతాపురి ధర పతనమైనప్పుడు రాష్ట్ర ప్రభుత్వం కిలోకు 4 రూపాయల చొప్పున రైతులకు అదనపు సాయం ప్రకటించవలసి వచ్చిన సంగతి పాఠకులకు విదితమే. ఇక ఏప్రిల్, మే నెలల ఈదురుగాలులకు రాలిన కాయ సంగతి చెప్పనక్కరలేదు. తెల్లవారేసరికి చెట్టు కింద పరచుకొని ఉన్న ఆ కాయను అడిగినంతకు ఇచ్చివేయడం తప్ప రైతుకు వేరు మార్గం ఉండదు. ఈ రాలుకాయను, ధర పలకని పండును సొమ్ముగా మార్చగల శక్తి ఇంటి వంటగదికి ఉన్నది. ఆవకాయ, మాగాయ, మెంతికాయ, ఒరుగులు, మామిడి పొడి, తాండ్ర తయారుచేయడం ఈ ప్రాంతపు మహిళలకు కొత్త విద్య కాదు. ఆ విద్యను వ్యాపారంగా నిలబెట్టుకోవడంలోనే పలువురు తడబడుతున్నారు.

ఏ సరుకుతో మొదలుపెట్టాలి?

అన్ని రకాలనూ ఒకేసారి చేపట్టడం మంచిది కాదు. రాలుకాయ అందుబాటులో ఉన్నవారికి ఒరుగులు, మామిడి పొడి అనుకూలం. వీటికి నూనె, కారం ఖర్చు లేదు, ఎండే పెట్టుబడి. అయితే రాలినప్పుడు దెబ్బతిని మెత్తబడిన భాగాన్ని, నల్లబడిన భాగాన్ని నిర్దాక్షిణ్యంగా తీసివేయాలి. ఆవకాయకు పీచు, పులుపు ఉండి టెంక ముదిరిన కాయ కావాలి. రాలిన కాయ దానికి పనికిరాదు. చెట్టున కోసిన కాయనే ఆ రోజే ముక్క కొట్టించాలి.

ఆవకాయకు శత్రువు నీటిచుక్క అని పెద్దలు చెప్పే మాట శాస్త్రసమ్మతమే. కాయలు కడిగి, పొడిగుడ్డతో తుడిచి, తడి పూర్తిగా ఆరిన తరువాతనే కత్తిపీట మీద పెట్టాలి. టెంక లోపలి జీడిని, పొరను తొలగించాలి. కలిపిన పచ్చడిని జాడీలోకి ఎత్తి, వాసెన కట్టి, మూడవనాడు తిరగకలిపినప్పుడు ముక్క పైన పప్పునూనె తేలుతూ ఉండాలి. నూనె పైకి తేలిన పచ్చడికి గాలి తగలదు, బూజు పట్టదు. ఖర్చు తగ్గించుకోవాలని నూనెలోనూ ఉప్పులోనూ కోత పెట్టినవారు వర్షాకాలం వచ్చేసరికి సరుకంతా పారబోసుకోవలసి వస్తుంది. ఇంటివాడకపు పచ్చడిలో పొరపాటు జరిగితే ఒక జాడీతో పోతుంది. అమ్మకపు సరుకులో జరిగితే పేరు పోతుంది.

తాండ్ర వ్యవహారం వేరు. రసాన్ని చక్కెరతోగాని బెల్లంతోగాని కలిపి తాటాకు చాపల మీద పలుచగా పోసి, ఆ పొర ఆరిన తరువాత దానిపై మరొక పొర పోస్తూ రోజుల తరబడి ఎండబెట్టాలి. పండులో టెంక, తొక్క, పీచు పోగా మిగిలిన రసంలోనూ అధికభాగం నీరే కనుక, గంపల కొద్దీ పండు చివరకు ఒక చాపగా తేలుతుంది. లెక్క తెలియనివారు తాండ్రను తక్కువ ధరకు అమ్ముకొనేది ఇక్కడే. ఆరుబయట పోసే ఈ సరుకుకు దుమ్ము, ఈగలు, అకాల వర్షం మూడూ ప్రమాదమే. దోమతెర వంటి సన్నని వల కప్పడం, చాపలను నేలపై గాక ఎత్తైన బల్లలపై పరచడం ఖర్చుతో కూడిన పనులు కావు. రంగు కోసం బజారులో దొరికే గుర్తు తెలియని పొడులు కలపరాదు. కార్బైడుతో మగ్గబెట్టిన పండును కొనరాదు. ఆహార భద్రతా నిబంధనలు పండ్లను కార్బైడుతో మగ్గబెట్టడాన్ని నిషేధించాయి. వరిగడ్డిలో సహజంగా మగ్గిన పండు రుచి తాండ్రలో తెలిసిపోతుంది.

చేతి కూలి లెక్క

ఇంటి పరిశ్రమలు రెండవ సంవత్సరానికే మూతపడటానికి రుచి లోపం కన్నా లెక్క లోపమే తరచు కారణం అవుతుంది. ఉదాహరణకు ఒక కుటుంబం 25 కిలోల ఆవకాయ పెట్టి, అరకిలో చొప్పున 50 సీసాలు నింపినదనుకొందాం. కాయ, కారం, ఆవపిండి, ఉప్పు, నూనె, రవాణా కలిపి 6,000 రూపాయలు, సీసాలు, మూతలు, లేబుళ్లకు 2,000 రూపాయలు అయిందనుకొంటే సీసాకు 160 రూపాయలు పడుతుంది. 200 రూపాయలకు అమ్మితే 2,000 రూపాయల లాభం కనిపిస్తుంది. అయితే ముగ్గురు రెండేసి రోజులు పనిచేసిన విషయం ఈ లెక్కలో లేదు. 2025-26లో రాష్ట్రంలో గ్రామీణ ఉపాధి హామీ పథకపు దినవేతనం 307 రూపాయలు. ఆ లెక్కన ఆరు పనిదినాలకు 1,842 రూపాయలు వేయాలి. దారిలో రెండు సీసాలు పగిలినా, కారినా 400 రూపాయల రాబడి తగ్గుతుంది. 48 సీసాలకు వచ్చిన 9,600 రూపాయల నుండి ఖర్చు, కూలి తీసివేస్తే మిగిలేది లాభం కాదు, 242 రూపాయల నష్టం. తమ కష్టానికి వెల కట్టుకోవడం మహిళలకు మొహమాటంగా తోచవచ్చు. కాని కూలి కలపకుండా నిర్ణయించిన ధరను, అమ్మకం పెరిగి మనిషిని పెట్టుకోవలసిన రోజున పెంచడం కష్టమవుతుంది. దుకాణదారుకు ఇవ్వవలసిన కమీషనును కూడా మొదటి రోజునే ధరలో చూసుకోవాలి.

మరొక చిక్కు పెట్టుబడి తిరిగివచ్చే కాలానికి సంబంధించినది. వేసవిలో కొద్ది వారాలలోనే డబ్బంతా జాడీలలోకి వెళ్లిపోతుంది. అమ్మకం సంవత్సరం పొడుగునా చిన్నచిన్న మొత్తాలుగా జరుగుతుంది. జూన్ నుండే పెద్ద వాయిదాలు కట్టవలసిన అప్పు ఈ వ్యాపారానికి సరిపడదు. స్వయం సహాయక సంఘ సభ్యులు సంఘం ద్వారా తీసుకొనే బ్యాంకు రుణంలో తమ వాటా వాయిదాలను అమ్మకాలకు తగినట్లు ముందుగానే మాట్లాడుకోవడం మేలు. 2015 ఏప్రిల్ 8న ప్రారంభమైన ముద్రా పథకం శిశు విభాగంలో 50,000 రూపాయల వరకు హామీ లేని రుణం లభిస్తుంది. యంత్రాలు సమకూర్చుకొని విస్తరించదలచినవారి కోసం 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం సూక్ష్మ ఆహార శుద్ధి సంస్థల క్రమబద్ధీకరణ పథకాన్ని ప్రారంభించింది. అందులో ప్రాజెక్టు వ్యయంలో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల రుణ అనుసంధాన రాయితీ, ఆహార శుద్ధిలో ఉన్న సంఘ సభ్యులకు ఒక్కొక్కరికి 40,000 రూపాయల మూలధనం నిర్దేశించారు. ఈ పథకం గడువును 2025-26 వరకు పొడిగించారు కనుక దరఖాస్తుకు ముందు అప్పటి స్థితిని అధికారుల వద్ద నిర్ధారించుకోవాలి. రాయితీ ఉన్నదని అవసరం లేని యంత్రాన్ని కొనరాదు. పల్పు తీసే యంత్రం సంవత్సరంలో పది నెలలు ఖాళీగా ఉంటుంది.

అనుమతులు

ఇంటి వంటగదిలో తయారుచేసినా, అమ్మకానికి పెట్టిన ప్రతి ఆహార పదార్థమూ 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం పరిధిలోకి వస్తుంది. 2011లో అమలులోకి వచ్చిన నిబంధనలు ఏటా 12 లక్షల రూపాయల టర్నోవరు మించని చిన్న తయారీదారులకు లైసెన్సుకు బదులు నమోదు చాలునని పేర్కొన్నాయి. రుసుము ఏడాదికి 100 రూపాయలుగా నిర్ణయించాయి. ఈ పరిమితులు సవరణకు లోబడి ఉంటాయి గనుక దరఖాస్తు సమయంలో సరిచూసుకోవాలి. నమోదైన వారికి 14 అంకెల సంఖ్య వస్తుంది. దానిని లేబులుపై ముద్రించాలి. సరుకు పేరు, దినుసులు, నికర బరువు, పన్నులతో కలిపి గరిష్ఠ చిల్లర ధర, తయారీ తేదీ, ఎప్పటిలోగా వాడాలో తెలిపే తేదీ, బ్యాచి సంఖ్య, తయారీదారు చిరునామా, ఫిర్యాదుకు ఫోను, శాకాహారాన్ని సూచించే ఆకుపచ్చ గుర్తు కూడా ఉండాలి. ‘ఇంటి పచ్చడి’ అని రాసినంత మాత్రాన ఇవి మినహాయింపు కావు.

2020 జూలై 1 నుండి అమలులో ఉన్న ఉద్యమ్ నమోదు పూర్తిగా ఉచితం. ప్రభుత్వ పోర్టల్‌ను పోలిన పేర్లతో రుసుము వసూలు చేసే ప్రైవేటు వెబ్‌సైట్ల పట్ల జాగ్రత్త వహించాలి.

వస్తుసేవల పన్ను విషయంలో ఒక మెలిక ఉన్నది. ఆంధ్రప్రదేశ్‌లో సరుకుల అమ్మకందారులకు 40 లక్షల రూపాయల టర్నోవరు వరకు నమోదు అవసరం లేదని చాలామందికి తెలుసు. అయితే ఈ వెసులుబాటు రాష్ట్రం లోపలి అమ్మకాలకే. పన్ను వర్తించే సరుకును వేరే రాష్ట్రానికి అమ్మేవారు టర్నోవరుతో నిమిత్తం లేకుండా నమోదు కావాలి. నూజివీడు పచ్చళ్లకు హైదరాబాదు పాత బేరం. 2014 జూన్ 2 తరువాత అది మరొక రాష్ట్రంలోని నగరం. పదేళ్లుగా పార్శిలు పంపుతున్న చేతులు ఈ తేడాను గమనించకపోవచ్చు. మండల సమాఖ్య సమావేశాలలో అధికారులు ఈ ఒక్క విషయాన్ని విడమరచి చెప్పినా ఎన్నో ఇబ్బందులు తప్పుతాయి. ఆన్‌లైన్ వేదికల ద్వారా రాష్ట్రం లోపల అమ్ముకొనే చిన్న వ్యాపారులకు 2023 అక్టోబరు 1 నుండి పూర్తి నమోదు లేకుండానే, కేవలం పేరు నమోదు సంఖ్యతో అమ్మకునే అవకాశం కల్పించారు.

విదేశాలలోని తెలుగువారికి వ్యాపారరీత్యా పంపదలచినవారు ఎగుమతి, దిగుమతి కోడ్ తీసుకోవాలి. ఆవాలు, నువ్వులు ఐరోపా దేశాలలో అలెర్జీ కారకాల జాబితాలో ఉన్నాయి. అమెరికాలో 2023 జనవరి 1 నుండి నువ్వులను తప్పనిసరిగా ప్రకటించవలసిన అలెర్జీ కారకంగా చేర్చారు. ఆవపిండి, పప్పునూనె రెండూ ఉన్న మన ఆవకాయ సీసాపై ఈ ప్రకటన లేకపోతే సరుకు అక్కడ నిలిచిపోయే అవకాశం ఉంది.

ఈ ఏర్పాట్లను కాయ దిగే వరకు వాయిదా వేయరాదు. కొత్త మిరప గుంటూరు యార్డుకు రాగానే కారం పట్టించుకొని, సీసాలు, లేబుళ్లు ఫిబ్రవరిలోనే సిద్ధం చేసుకొన్నవారు ఏప్రిల్ మొదటి కోతకు జాడీ పెట్టగలుగుతారు. ఆహార నమోదుకు మీ సేవ కేంద్రాన్ని గాని, ఆహార భద్రతా అధికారిని గాని, రుణాలకు మండల సమాఖ్యను గాని, బ్యాంకు శాఖను గాని సంప్రదించవచ్చును. పచ్చళ్ల తయారీ, నిల్వపై శిక్షణకు సమీప కృషి విజ్ఞాన కేంద్రంలో విచారించాలి. గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలలో శిక్షణ ఉచితం.