గాలం ఎంత లోతున నడుస్తోంది?

గాలానికి సీసం కడితే మునుగుతుందని ఎవరైనా చెబుతారు. ఆ గాలాన్ని కదిలే పడవ వెనక కట్టి లాగుతుంటే అది ఎంత లోతున నడుస్తుందో చెప్పడం మాత్రం అంత సులువు కాదు. చేప పది మీటర్ల లోతున తిరుగుతుంటే, ఎర మూడు మీటర్ల దగ్గర పోతుంటే, రోజంతా నూనె కాల్చినా బుట్ట ఖాళీయే. పట్టు దొరకని రోజు చాలామంది చేసే పని సీసం పెంచడం. నన్నడిగితే ముందు తగ్గించాల్సింది పడవ వేగం. ఎందుకో చూద్దాం.

దీన్ని తెలుసుకోవడానికి సముద్రం దాకా పోనక్కర్లేదు. రాయగడ జిల్లా రామనగుడ, గుణుపురం వైపు వంశధార మీద ఏదైనా వంతెన ఎక్కితే చాలు. కలహండి కొండల్లో పుట్టి, ఈ ప్రాంతాన్ని తడుపుకుంటూ దిగి, శ్రీకాకుళం జిల్లా కళింగపట్నం దగ్గర బంగాళాఖాతంలో కలిసే నది ఇది.  వేసవిలో నీరు మందగించినప్పుడు వంతెన మీంచి సీసం గుండు కట్టిన దారం వదిలితే దాదాపు నిటారుగా దిగుతుంది. వానాకాలంలో అదే గుండును, అదే దారాన్ని వదలండి. ప్రవాహం దాన్ని కిందివైపుకు తోసుకుపోయి పైకి లేపేస్తుంది. ఇక్కడ మనిషి నిలబడ్డాడు, నీరు కదిలింది. సముద్రంలో నీరు నిలబడుతుంది, పడవ కదులుతుంది. గాలానికి రెండూ ఒకటే. దానికి తెలిసేదల్లా తనను దాటిపోతున్న నీటి వేగం ఒక్కటే.

కదిలే నీరు దారాన్ని నెట్టే బలం వేగంతో సమానంగా పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. వేగం రెండింతలైతే తోపుడు నాలుగింతలు, మూడింతలైతే తొమ్మిదింతలు. సీసం బరువు మాత్రం పడవ నిలిచినా పరుగెత్తినా ఒక్కటే. కిందికి లాగేది మారదు, వెనక్కీ పైకీ నెట్టేది వర్గంలో పెరుగుతుంది. లోతు ఈ రెండింటి బేరంలో తేలుతుంది.

ఇక బరువును ఎక్కడ పెట్టాలన్నది రెండో ప్రశ్న. మామూలు నైలాన్ దారం సాంద్రత నీటికంటే కాస్తే ఎక్కువ, సుమారు 1.14. అంటే నీటిలో దానికి బరువు లేనట్టే. అలాంటి దారం చివర ఒక్క గుండు కట్టి లాగితే, గుండు దగ్గర దారం ఏటవాలుగా ఉంటుంది, పైకి వచ్చే కొద్దీ చదునైపోతుంది. ఇంకో యాభై మీటర్లు వదిలినా కొత్తగా దక్కే లోతు కొంచెమే. వదిలిన దారం లోతుకు పోవడం మాని వెనక్కి పోతుంది. అనుభవం లేనివాళ్లు చిక్కుకునేది ఇక్కడే.

బరువును ఒకచోట పోగు చేయకుండా దారం పొడవునా పరిస్తే కథ మారుతుంది. విసురు వల అంచు చుట్టూ గుళ్లు వరసగా కట్టేది అంచంతా ఒకేసారి దిగాలనే. ఈడ్చే దారానికి ఆ పని చేసేది లోపల సన్నని సీసపు తీగ ఉండి, పైన నైలాన్ లేదా పాలిస్టర్ పోగులతో అల్లిన దారం. ఉత్తర అమెరికా మహా సరస్సుల మీద ట్రౌట్, సాల్మన్ పట్టేవాళ్లకు ఇది పాత నేస్తం. దీన్ని పది గజాలకొక రంగు చొప్పున వేసి అమ్ముతారు. పది గజాలంటే తొమ్మిది మీటర్ల పైచిలుకు. ‘ఐదు రంగులు వదిలాను’ అంటే ఎంత దారం నీళ్లలో ఉందో పక్క పడవవాడికి అర్థమైపోతుంది. కొలబద్ద అక్కర్లేదు.

ఇలాంటి దారంలో ప్రతి ముక్కా తన బరువును తానే మోస్తుంది, తన మీద పడే నీటి తోపుడును తానే తట్టుకుంటుంది. పైముక్కకూ కిందిముక్కకూ లెక్క ఒకటే కాబట్టి చివర పెద్ద ఎరేమీ లేకపోతే దారం వంపు తిరగకుండా తిన్నగా, ఒకే వాలులో నిలుస్తుంది. అందుకే లోతు పొడవుకు అనుపాతంలో ఉంటుంది. రెండింతలు వదిలితే రెండింతలు దిగుతుంది. విమానం కింద ఈడ్చే బరువైన తీగల ఆకారాన్ని 1930లలో బ్రిటిష్ శాస్త్రవేత్త హెర్మన్ గ్లావర్ట్ లెక్కగట్టాడు. గాలిలో తీగకైనా నీటిలో దారానికైనా సూత్రం అదే.

కొన్ని అంకెలు వేసి చూద్దాం. దారం మందం 0.9 మిల్లీమీటర్లు, నీటిలో దాని బరువు మీటరుకు 2 గ్రాములు అనుకోండి. పడవ గంటకు సుమారు 3.2 కిలోమీటర్ల చొప్పున, అంటే మనిషి నిదానంగా నడిచే వేగంతో పోతోంది. లెక్క ప్రకారం వంద మీటర్ల దారం 22 మీటర్ల లోతుకు చేరుతుంది. వేగాన్ని సగం చేస్తే 42 మీటర్లు. రెండింతలు చేస్తే 11 మీటర్లే. సరస్సుల మీది వేటగాళ్ల వాడుక సూత్రం రంగుకు ఐదడుగుల లోతు, అంటే వంద మీటర్లకు 16, 17 మీటర్లు. నా లెక్కకంటే అది తక్కువే. ఎర కూడా నీటిని కోస్తుంది కదా, అది దారం చివరను అడ్డంగా లాగి వాలును తగ్గిస్తుంది. అందుకే వాళ్ల అంకెనే నమ్మమంటాను.

సీసం రెండింతలు చేస్తే? మందం మారకుండా బరువొక్కటే పెరిగిందనుకున్నా లోతు 22 నుంచి 30 మీటర్లకు మించదు. నిజానికి బరువు పెరగాలంటే దారం లావెక్కక తప్పదు, లావెక్కితే నీరు ఇంకా గట్టిగా నెడుతుంది. అడ్డుకొలత రెండింతలైన దారం బరువు నాలుగింతలు, దానిపై తోపుడు రెండింతలు. చివరికి లోతులో మిగిలే లాభం ఒకటిన్నర రెట్లకు లోపే. సీసం నాలుగింతలు మోసి దక్కించుకునే లోతుకన్నా, వేగం సగం చేసి దక్కించుకునేది ఎక్కువ. పైసా ఖర్చు లేదు, పైగా నూనె మిగులుతుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. వేగమంటే నేలతో పోల్చిన వేగం కాదు, నీటితో పోల్చిన వేగం. పడవలో జీపీఎస్ చూపేది మొదటిదాన్ని. మన తూర్పు తీరం వెంట ఒక పెద్ద ప్రవాహం ఫిబ్రవరి నుంచి మే దాకా ఉత్తరానికీ, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికీ పారుతుంది. నవంబరులో విశాఖపట్నం నుంచి బయల్దేరిన పడవ జీపీఎస్‌లో గంటకు 5 కిలోమీటర్లు చూపుతోందనుకుందాం. ప్రవాహం గంటకు 2 కిలోమీటర్లు. దక్షిణంగా పూడిమడక వైపు పోతే నీటిలో దాని వేగం 3, వంద మీటర్ల దారం 24 మీటర్ల లోతున నడుస్తుంది. ఉత్తరంగా భీమిలి వైపు తిరిగితే నీటిలో వేగం 7, లోతు 10 మీటర్లు. తెరమీది అంకె మారలేదు, గాలం మాత్రం పధ్నాలుగు మీటర్లు పైకొచ్చింది. ఒక దిక్కున పోతుంటే చేప పడి, తిరిగొస్తుంటే పడకపోతే కారణం ఇదే కావచ్చు. మునుపటిలా దారం వాలును చూసుకుంటూ పడవ నడిపేవాళ్లు ఈ పొరపాటు చేయరు. దారం నీటిని తాకే కోణం అబద్ధం చెప్పదు.

మలుపులోనూ ఇదే వ్యవహారం. పడవ వంపు తిరిగేటప్పుడు లోపలి పక్క గాలం నెమ్మదించి దిగుతుంది, బయటి పక్కది వేగం పుంజుకుని లేస్తుంది. తిన్నగా పోకుండా పాములా మెలికలు తిరుగుతూ నడిపితే ఒకే దారంతో పలు లోతులు వెతికినట్టవుతుంది. లోపలి పక్కనే కొరుకుడు పడుతోందంటే చేప ఇంకా కిందుందని అర్థం. లోతు తెలిసిన చోట అడుగును ఎర తాకేదాకా దారం వదిలి, రంగులు లెక్కబెట్టుకోవడం ఇంకో పద్ధతి.

వంజరం, ట్యూనా లాంటి పరుగు చేపల విషయం వేరు. వాటి కోసం గాలం ఈడ్చే పడవలు గంటకు పది కిలోమీటర్ల పైన పోతాయి. పన్నెండు దగ్గర మన వంద మీటర్ల సీసపు దారం ఆరు మీటర్లు దిగితే గొప్ప. అంత వేగంలో సీసాన్ని నమ్ముకోవడం దండగ. అక్కడ పనికొచ్చేది ఏటవాలుగా కట్టిన పలక, లేదా మూతి దగ్గర పెదవి ఉన్న ఎర. పలకను కిందికి నొక్కేది కూడా నీటి తోపుడే, అదీ వేగం వర్గంతోనే పెరుగుతుంది. నొక్కేదీ లేపేదీ ఒకే లెక్కన పెరిగితే వేగం మారినా లోతు పెద్దగా మారదు. ఈ తేడా తెలిస్తే నెమ్మది వేటకు సీసమూ, వేగం వేటకు పలకా అని తేల్చుకోవచ్చు.

మరి ఎంత లోతు కావాలి? సముద్రంలో పై పొర వెచ్చన, దాని కింద ఒక్కసారిగా చల్లబడే పొర. పచ్చరెక్కల ట్యూనా ఎక్కువ కాలం గడిపేది వెచ్చని పొరలోనూ దాని అంచునా. బంగాళాఖాతంలో సుమారు వంద మీటర్ల దిగువనుంచే నీటిలో ప్రాణవాయువు బాగా తగ్గిపోతుంది, కాబట్టి అంతకు దిగువన వెతకడం వృథా. ఏ దిక్కుకు పోవాలో హైదరాబాదులోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్, ఉపగ్రహాలు కొలిచిన నీటి ఉష్ణోగ్రత, పచ్చదనం చూసి సూచనలిస్తుంది. చోటు అది చెబుతుంది, లోతు పడవవాడే పట్టుకోవాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో ఇంజను పడవల వేటకు ఎలాగూ సెలవే. కొరాపుట్ వైపు జలపుట్, ఎగువ కొలాబ్ లాంటి జలాశయాల్లో వేట ప్రధానంగా వలలతోనే. అయితే అడుగున ముంపు చెట్ల మొద్దులు మిగిలిన చోట పొడవాటి సీసపు దారం ఈడిస్తే, నష్టం ఒక్క ఎరతో పోదు.

తెగి అడుగున మిగిలిన సీసం నీటి పక్షులకు విషం. రాళ్లనుకుని మింగిన హంసలు చచ్చిపోతున్నాయని బ్రిటన్ 1987లో చిన్న సీసం గుళ్ల అమ్మకాన్ని నిషేధించింది. రాగి తీగ, ఉక్కు తీగ దారాలూ దొరుకుతాయి. సీసం సాంద్రత 11.3 అయితే రాగిది 8.9, ఉక్కుది 7.9. మునక తగ్గినచోట ఇంకాస్త పొడవు వదిలితే సరిపోతుంది. సీసమే వాడేవాళ్లకు ఒక మనవి. గుళ్లను పళ్లతో నొక్కకండి, వంట గిన్నెలో కరిగించి పోతపోయకండి, పట్టుకున్న చేతులు సబ్బుతో కడుక్కునే అన్నానికి కూర్చోండి.