కంటికి కనపడని ‘ఎంటర్’!

పేరు జాబితాలో ఉంది. అక్షరం కూడా తప్పు పోలేదు. అయినా కంప్యూటర్ మాత్రం ‘లేదు’ పొమ్మంటోంది. మరి తప్పెక్కడుంది?

నరసరావుపేటలో ఒకాయన ఉపకారవేతనాల కోసం పిల్లల జాబితా తయారుచేశాడనుకుందాం. వరసకో పేరు, తరగతి, చివర్లో ఊరు... మాచర్ల, గురజాల, పిడుగురాళ్ల. విండోస్‌లో టైపు చేసిన ఆ ఫైలు లైనక్స్ సర్వర్‌కి చేరింది. అక్కడి ప్రోగ్రామ్‌ని ‘గురజాల పిల్లలెందరు?’ అనడిగితే ‘సున్నా’ అంది! తెరమీద చూస్తే అందరూ ఉన్నారు. రాత్రంతా కూర్చుని మళ్లీ టైపు చేసినా అదే సున్నా.

ఎందుకిలా?

టైపు ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లి లోయరూ హయ్యరూ పాసైన పెద్దవాళ్లకైతే ఈ సంగతి ఇట్టే అర్థమవుతుంది. వరస చివరికొస్తుంటే మిషను ‘టింగ్’మని గంట కొట్టేది. ఎడమచేత్తో లివర్ తోస్తే రెండు పనులు జరిగేవి. కాగితం ఒక వరస పైకి జరిగేది, క్యారేజీ మొదటికొచ్చేది. టెలిప్రింటర్లలో ఆ రెంటికీ వేర్వేరు సంకేతాలుండేవి. 1963లో వచ్చిన ఆస్కీ పట్టికలో క్యారేజ్ రిటర్న్‌ది 13వ నంబరు, లైన్ ఫీడ్‌ది 10. పొట్టిగా సీఆర్, ఎల్ఎఫ్.

కాగితం పోయి తెర వచ్చింది. గుర్తులు మాత్రం మిగిలాయి. డాస్, దాని వెనకే విండోస్ ఆ రెండింటినీ ఉంచుకున్నాయి. యూనిక్స్, లైనక్స్ ఎల్ఎఫ్ ఒక్కటే చాలనుకున్నాయి. పాత మ్యాకింటాష్‌లది సీఆర్. 2001లో ఓఎస్ టెన్ వచ్చాక అవీ యూనిక్స్ దారి పట్టాయి. ఇక విండోస్ నోట్‌ప్యాడ్‌కి 2018 వరకూ ఉత్త ఎల్ఎఫ్ అర్థమయ్యేదే కాదు. అలాంటి ఫైలు తెరిస్తే వరసలన్నీ కలిసిపోయి కనిపించేవి.

మన జాబితాలో జరిగిందీ అదే. ఆ ప్రోగ్రామ్ ఎల్ఎఫ్ దగ్గర వరస ముగించింది. సీఆర్ మాత్రం ‘గురజాల’ పక్కనే అతుక్కుని ఉండిపోయింది. మనకది గురజాలే... యంత్రానికి వేరే మాట!

సరిచేద్దామిలా...

నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో ‘వ్యూ’ మెనూలోని ‘షో సింబల్’లో ‘షో ఎండ్ ఆఫ్ లైన్’ నొక్కితే దాక్కున్న గుర్తులు బయటపడతాయి. తర్వాత ‘ఎడిట్’లో ‘ఈఓఎల్ కన్వర్షన్’కి వెళ్లి యూనిక్స్ ఎంచుకుని సేవ్ చేస్తే సరి. వీఎస్ కోడ్‌లో ఇంకా తేలిక. కింద కుడివైపు కనిపించే ‘సీఆర్ఎల్ఎఫ్’ మీద నొక్కి ‘ఎల్ఎఫ్’గా మార్చి సేవ్ చేయాలి. లైనక్స్‌లోనైతే ఇందుకోసమే ‘డాస్ టు యూనిక్స్’ అనే చిన్న ప్రోగ్రామ్ ఉంది.

మార్చేముందు ఫైలుకి ఒక కాపీ తీసి పెట్టుకోండి. ఈ చిట్కా ఉత్త అక్షరాలుండే ఫైళ్లకే. ఫొటోల మీదో, ప్రోగ్రామ్‌ల మీదో ప్రయోగిస్తే అవి పాడవుతాయి. తెలుగు అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తుంటే అది ఫాంటు సమస్యో, ఎన్‌కోడింగ్ సమస్యో... దీనికి లొంగదు.

అన్నిటికన్నా మేలైన పని, ఫైలు పంపేముందే అవతలివాళ్లకి ఏ రకం కావాలో అడగడం. ఒక్క మాట అడిగితే ఒక రాత్రి నిద్ర మిగులుతుంది. గురజాల పిల్లలు గురజాల లెక్కలోనే ఉంటారు!